గవర్రాజుకు చెప్పి వెళ్ళాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన తను పనిచేసే పోర్టులో అందరికీ చాటుతుంటాడు. ఉంటే ఉంది. అది పసిపిల్లల మీద మాత్రం ఏనాడూ రాలేదు, వాళ్ళ పెద్దల మీదే వస్తుంది.

స్టీలు ప్లాంటు క్వార్టర్లు కడుతున్న రోజులవి. మేస్త్రీల దగ్గర తట్టలు మోసే ఆడవాళ్ళ పిల్లల కోసం కంట్రాక్టరు ఒక రేకుల షెడ్డు వేయించాడు. గొట్టాలకు చీర ఉయ్యాలలు, కింద చాపలు. నేను టీచరమ్మని, జోగమ్మ ఆయా. పొద్దున్నే తల్లులు పనికెళ్ళే వేళ జోగమ్మ ఒక్కో బిడ్డనీ చంకనేసుకుని వెనక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, "అల్లదిగో కాకి, కాకి సూడు" అని వేలు పెట్టి చూపించేది. బిడ్డ అటు తిరగగానే తల్లి ఇటు వాకిట్లోంచి జారుకునేది. ఎందుకంటే వాళ్ళు పరంజా ఎక్కేవాళ్ళు. బిడ్డ ఏడుపు వింటూ గడప దాటితే పైన కాలు జారుతుందని వాళ్ళ భయం. జోగమ్మ కాకిని చూపిస్తే ఏ బిడ్డా ఏడవదని ఆవిడకి పెద్ద పేరు.

సీతాలు కొడుకు గవర్రాజు. పేరు జమీందారుది, మనిషి మూరెడు. పది నెలల పిల్లాడు ఆడడు, నవ్వడు, గుమ్మానికి ఎదురుగా కూర్చుని అటే చూస్తుంటాడు. నిద్ర ముంచుకొచ్చి తల వాలితే ఉలిక్కిపడి లేచి మళ్ళీ గుమ్మం వైపే చూపు. గిలక్కాయ ఊపినా, వేలు పెట్టి ఏది చూపించినా తల తిప్పడు.

వాళ్ళ నాయనమ్మ ఆదిలక్ష్మమ్మ మాడుగుల దగ్గర పల్లె నుంచి వచ్చింది. రోజూ షెడ్డుకొచ్చి మనవణ్ణి చూసి చూసి తీర్పు చెప్పేసింది.

"పిల్లడికి సూపు ఆన్తన్నట్టు నేదు. ఏది సూపించినా తలే తిప్పడు. అంతా ఈ సిమెంటు దుమ్మే. శనారం నాను బస్సెక్కినప్పుడు ఆడ్ని ఒట్టుకెల్లిపోతాను. ఆవుపాలు పోసి పెంచుకుంతాను."

ఆ సాయంత్రం సీతాలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "ఆడు నేకపోతే నాను బతకనేను టీచరమ్మా. మా అత్త మాటకి మా ఆయన ఎదురు సెప్పడు. మీరే ఏటైనా సూడండి."

చూడమంది కాబట్టి చూశాను. మర్నాడు మిగతా పిల్లల్ని జోగమ్మకి అప్పగించి, వాడికి కాస్త దూరంగా చాప మీద కూర్చున్నాను. పలకరించలేదు, ఆడించలేదు. కాసేపటికి చాప అంచున చీమలు పోతుంటే వాడు వంగి, రెండు వేళ్ళతో ఒకదాన్ని పట్టబోయాడు. చూపు ఆనని పిల్లాడికి చీమ కనిపిస్తుందా! నాకు ఆదిలక్ష్మమ్మ మీద ఒళ్ళు మండింది.

అంతలో పైన విమానం మోత. "అదిగో గవర్రాజూ, విమానం!" అని వేలు చూపించాను. పిల్లలందరూ తలలెత్తారు. వీడు మాత్రం నా వేలు చూడలేదు, భయం భయంగా నా మొహంలోకి చూశాడు. చటుక్కున గుమ్మం వైపు తిరిగాడు. ఆపైన పాకుతూ వచ్చి నా చీర చెంగు రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఎవరైనా వేలు చూపించారంటే వెనక అమ్మ మాయమైపోతుంది. రోజూ ఆ కాకి వాడికి నేర్పింది అదే. అందుకే వాడు ఇటూ అటూ చూడడం మానేసి అమ్మ వెళ్ళే గుమ్మానికి కాపలా కాస్తున్నాడు.

సీతాలుకి చెప్పాను, "రేపటినుంచి వాడికి చెప్పి వెళ్ళు. చెప్పిన వేళకి రా" అని.

"మాటలు రాని పిల్లడికి ఏటి సెప్తాం టీచరమ్మా?"

"వాడికి రాకపోతే నీకొచ్చుగా!"

"ఆడు ఏడుత్తాడు. ఆ ఏడుపు ఎనకేసుకుని పరంజా ఎక్కమంతారా?"

పక్కన జోగమ్మ మూతి ముడిచింది. "నా సెయ్యి ఇన్నాల్లకి సెడ్డదైపోనాదేటి?"

"నీ చేతికేం కాలేదు. వాడు దడిసింది నీ కాకికి" అని కసిరాను.

సీతాలు కొడుకుని చంకనేసుకుని వెళ్ళిపోయింది. కానీ మర్నాడు పొద్దున్న కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అయ్యా, గవర్రాజూ, నాను పనికెల్తన్నాను. పాలిచ్చే యేలకి వొచ్చెత్తాను" అంది. వాడు షెడ్డు రేకులెగిరేలా ఏడుపందుకున్నాడు.

"ఏడుత్తన్న బిడ్డనొగ్గీసి ఎల్తన్నావు, నువ్వు మనిసివేనా?" అని ఆదిలక్ష్మమ్మ నుదురు కొట్టుకుంది. సీతాలు కొంగు నోట్లో కుక్కుకుని గడప దాటింది.

పైకి ఎంత గీర చూపించినా, ఆ పూట నాకు కాలు నిలవలేదు. బయట ఎవరు గట్టిగా అరిచినా గుమ్మంలోకి పరిగెత్తాను. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. పాలవేళకి సీతాలు సిమెంటు చేతులతో క్షేమంగా వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. గవర్రాజు తల్లి చెంపలు రెండూ వాయించి, ఆ తర్వాతే పాలు తాగాడు.

మర్నాడూ ఏడ్చాడు, కానీ త్వరగా ఊరుకున్నాడు. ఆ పై రోజు మిట్టమధ్యాహ్నం ఉయ్యాల్లో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మూలన కూర్చున్న ఆదిలక్ష్మమ్మ అన్నీ చూస్తోంది.

శనివారం వచ్చింది. పాలవేళకి సీతాలు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. గవర్రాజు గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, బోర్లించిన గిన్నెని గరిటెతో బాదుతున్నాడు. తల్లి అడుగుల చప్పుడుకి వెనక్కైనా తిరగలేదు. సీతాలు మొహం వాడిపోయింది.

"నన్ను మర్సిపోనాడేటి టీచరమ్మా?"

"మర్చిపోవడమేంటే పిచ్చిదానా! నువ్వొస్తావని వాడికి తెలిసింది. ఇంక కాపలా దేనికి?"

సీతాలు గడప మీద చతికిలబడింది. కొడుకుని పిలవలేదు. పాలు చేపి రవిక తడిసిపోతున్నా ఆ చిన్న వీపు చూస్తూ, కళ్ళ నీళ్ళు కారుస్తూ కూర్చుంది.

ఆదిలక్ష్మమ్మ లేచింది. "నా సంచీ ఇలాగియ్యి కోడలా. బస్సుకి టైమైపోతంది. ఒక్కదాన్నే ఎల్తాను" అంది.

అలవాటు చొప్పున పిల్లాడి కంట పడకుండా గుమ్మం దాకా నడిచింది. అక్కడ నిలబడిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మనవడి ఎదురుగా కూర్చుంది.

"ఒరే గవర్రాజూ, నాను ఊరెల్తన్నాను నాయినా. కోతలైపోనాక మల్లీ వొత్తాను."

వాడు గరిటె ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. కింది పెదవి విరిచాడు. గొల్లుమన్నాడు.

ఆదిలక్ష్మమ్మ మొహం చాటంతయింది. చెంగుతో కళ్ళొత్తుకుంటూ సంచీ భుజానేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర కాపలావాణ్ణి ఆపి మరీ చెబుతుంటే నాకు షెడ్డులోకి వినిపించింది. "సూసినావా, మా మనవడు నాకోసం ఏడుత్తన్నాడు!"