తొలిచూలు సిగ్గు

తసల్లా వాకిట్లో అడుగుపెట్టేసరికి డేలూ మనవణ్ణి ఒళ్లో వేసుకుని, చెంచా పట్టుకుని బతిమాలుతోంది. ఎనిమిది నెలల పసివాడు మూతి బిగించి తల తిప్పేస్తున్నాడు. నిన్న పొద్దుటి నుంచి విరేచనాలు. తసల్లా వాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు. కళ్లు లోతుకు పోయాయి.

"రాత్రి నుంచి ఎంత తాగాడు వదినా?"

"తాగడమా? అంతా నా బట్టలకే పట్టించాడు. నా చిన్న మొగుడికి నేనంటే గిట్టట్లేదు."

మరాది పట్నం పక్కనున్న ఆ హౌసా జాతివాళ్ల పల్లెలో మందుల పెట్టె తసల్లాదే. ఉప్పూ చక్కెరా కలిసిన పొట్లాలు ఇంటింటికీ ఇచ్చి, నీళ్లలో ఎలా కలపాలో చూపించడం ఆమె పని. పోయిన వానాకాలం ఈ వీధిలోనే ఇద్దరు పసివాళ్లు పోయారు. ఇద్దరికీ పొట్లాలు అందాయి.

పిల్లవాడి చూపు గోడవైపే ఉంది. అక్కడ వాడి తల్లి బరిరా, వీపు ఇటు పెట్టి సజ్జలు చెరుగుతోంది. వీడు తొలిచూలు. అక్కడి ఆచారంలో తొలిబిడ్డను తల్లి సిగ్గుకొద్దీ పేరుపెట్టి పిలవదు, ముద్దు చేయదు. అత్తగారి ఎదుటైతే కన్నెత్తి చూడను కూడా చూడదు.

"బరిరా, ఇలా రా. నీ చేత్తో అయితే తాగుతాడు," అంది తసల్లా.

"ఎవరు?" అంది బరిరా చేటలోకి చూస్తూ.

"ఎవరా! పక్కింటి మేకపిల్ల!"

"అత్త ఉన్నారుగా."

"మీ అత్త రాత్రంతా ఉంది. ఏం లాభం? వీణ్ణి నువ్వు కన్నావా, దారిలో ఏరుకొచ్చావా?"

బరిరా మెడ బిగుసుకుంది. చేట అంచు నుంచి గింజలు నేలరాలాయి. ఆమె మాత్రం ఇటు తిరగలేదు.

తసల్లాకు ఒళ్లు మండిపోయింది. ఈ పొట్లం ఇక్కడికి రావడానికి ఎక్కడెక్కడి మనుషులో తలలు బద్దలు కొట్టుకున్నారు. ఓడలెక్కించారు, లారీలెక్కించారు, ఇసుకలో దిగబడితే మోసుకొచ్చారు. ఇంతా చేసి, ఒళ్లో ఉన్న బిడ్డకూ గోడ దగ్గరున్న తల్లికీ మధ్య రెండు బారల దూరం ఎవరూ దాటించలేకపోయారు.

ఇంకో నాలుగు తిట్టబోయి ఆగిపోయింది. తన తొలిబిడ్డ పోయిన రోజున తనూ దంచుతున్న రోకలి దింపలేదు. సిగ్గు విశ్వాసంలో భాగమని మసీదు గురువుగారు చెబుతారు. నిజమే అయ్యుంటుంది. కానీ బిడ్డ దాహం ముందు కూడా అల్లా ఈ సిగ్గే అడిగాడా? ఆ మాట పైకి అనే ధైర్యం ఆమెకు ఇంతవరకు రాలేదు.

మధ్యాహ్నం నమాజు వేళకి తాగకపోతే మోటారుసైకిల్ మీద ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. ఆ గతుకుల దారి వాడు తట్టుకుంటాడా?

"వదినా, వాణ్ణి చాప మీద పడుకోబెట్టి బయటికి రా. నీతో తగువుంది."

"ఇప్పుడేం తగువే?"

"నీ పెళ్లిలో మావాళ్లకి ఒట్టి ఎముకలు వడ్డించారు. ఇవాళ తేలాలి."

డేలూ ఆమెకు మేనత్త కూతురు. ఆ వరస వాళ్లు ఎంత తిట్టుకున్నా ఎవరూ తప్పుపట్టరు. డేలూ గిన్నె పిల్లవాడి పక్కనే పెట్టి, గొణుక్కుంటూ లేచింది.

దడి బయట నిలబడి ఇద్దరూ అందుకున్నారు. డేలూది గాడిద నడకంది తసల్లా. తసల్లా వంటను కుక్కలు కూడా ముట్టవంది డేలూ. పక్కిళ్ల ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తసల్లా దడి సందులోంచి ఓరగా చూసింది. బరిరా అటూ ఇటూ చూసి, చాప దగ్గరికి జరిగింది. మొహం ఇంకా గోడకే. చెయ్యి మాత్రం చెంచా పట్టుకుంది. ఒక చెంచా. వాడు మింగాడు. ఇంకోటి. కాసేపటికి మొహం కూడా ఇటు తిరిగింది.

తసల్లాకు గొంతు ఎండిపోయింది, తిట్లూ అయిపోయాయి. "సరేలే వదినా, ఇక..." అంది.

డేలూ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. దడివైపు ఒక్కసారి కూడా చూడలేదు. "ఆగవే," అంది గొంతు తగ్గించి. "చెంచా చప్పుడు ఇంకా వినబడుతోంది."

తసల్లా నోరు తెరిచింది. "నీకు తెలుసా? తెలిసీ రాత్రంతా వాణ్ణి పట్టుకు కూర్చున్నావా? లేచి బయటికి పోతే నీ సొమ్మేం పోయేది!"

"అత్తనే నేను. ఊరికే ఎలా లేచి వెళ్తాను? రోగంతో ఉన్న మనవణ్ణి వదిలేసి పోయిందనరూ? ఎవరో ఒకరు పిలవాలిగా!"

తసల్లా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అలా నిలబడతావేంటి, ఏదో ఒకటి తిట్టు," అని గొణిగి, డేలూ వీధి చివరికి వినబడేలా గొంతెత్తింది. "ఎముకలు వడ్డించారా? మాంసం పెడితే నమలడానికి మీ నాన్నకు పళ్లెక్కడివే!"