దిండు కింద పట్టేంత

సౌదీలో మేముండేది ఫ్యామిలీ బిల్డింగ్. పెళ్లికాని మగవాణ్ణి గేటు దాటనివ్వరు. అలాంటి చోట ఖయ్యూమ్‌కు పై అంతస్తులో ఫ్లాటు దొరికిందంటే నా మాట మీదే దొరికింది. అంతకు ముందు ఈ ఊళ్లోనే షరఫియా పేటలో ఒక గదిలో ఎనిమిది మందితో ఉండేవాడు. అక్కడ కొందరు నిద్రపోతుంటే కొందరు పోట్లాడుకునేవాళ్లు. అతనిది రాసే పని. నేను పనిచేసే చిల్లర కొట్లో ఫ్రీజరు పక్కన నిలబడి ఫోన్లో రాసుకుంటుంటే చూడలేక బిల్డింగ్ యజమానితో మాట్లాడాను.

"నెలాఖరు దాకా ఉండనీ," అన్నాడాయన. "ఒక్క ఫిర్యాదు రాకపోతే అగ్రిమెంటు చేస్తాను. వచ్చిందా, ఆ రోజే బయటికి."

ఆ సాయంత్రం నా భార్య జాహెదా చపాతీలు ఒత్తుతూ అడిగింది.

"ఏం పని చేస్తాడంట ఆ పిల్లోడు?"

"రాస్తాడంట."

"ఏం రాస్తాడు?"

"ఎవరేం అడిగితే అది."

"యాడ కూచ్చొని?"

"ఇంట్లోనే. తలుపేసుకోని."

"దుడ్లు తీసుకుంటాడా?"

"మాటకింత అని."

జాహెదా అప్పడాల కర్ర పక్కన పెట్టి, తల మీద కొంగు సర్దుకుంది. ఎందుకు సర్దుకుందో నాకు తట్టలేదు.

ఖయ్యూమ్ ఒక పరుపు, ఒక బల్ల, ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకున్నాడు. తిండి హోటల్లో. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువులను ఎలా వాడాలో తెలుగులో రాస్తాడు. కుక్కరు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె. వాటిలో ఒక్కటీ అతని ఇంట్లో లేదు. రాసింది సరిగ్గా ఉందో లేదో అని పైకి చదువుకుంటూ అటూ ఇటూ నడుస్తాడు. 'తడి చేతులతో తాకరాదు, తాకరాదు' అని గొణుగుడు మా పైకప్పులోంచి వినిపించేది. జాహెదా ఆ గొణుగుడు వినపడగానే టీవీ ఆపేసేది.

శుక్రవారం హుస్సేన్‌బీ వచ్చింది. ఆమెది మా రాయచోటే. రెండు వీధుల అవతల ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తుంది. పైకి తీసుకుపొమ్మని అడిగితే, ఊరికి ఉత్తరమేదో రాయించుకుంటుందేమో అనుకుని తోడు వెళ్లాను. ఖయ్యూమ్ తలుపు బార్లా తెరిచి స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"హజ్రత్," అంది, పెద్ద గురువును పిలిచినట్టు చేతులు కట్టుకుని. "మా మేడమ్ దినమంతా అరుస్తానే ఉంటాది. దానికి ఒకటి రాసియ్యల్ల."

ఖయ్యూమ్ ఫిర్యాదు రాయాలేమో అనుకున్నాడు. "సరే అక్కా. ఎన్ని మాటలుండల్ల?"

"ఒక్క మాట కూడా ఉండగూడదు!"

ఖయ్యూమ్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఎంత సైజులో కావాల?"

"దిండు కింద పట్టేంత."

అప్పటికి వెలిగింది నాకు. మా వైపు రాసేవాడంటే తాయెత్తులు రాసేవాడు. ఇక్కడ తాయెత్తు రాయడం నేరం. మాట బయటికి పొక్కితే ఫ్లాటు సంగతి అటుంచి, అతను జైల్లో ఉంటాడు.

"ఓమ్మా, ఈయప్ప అట్లాంటోడు కాదు. మిక్సీల గురించి రాస్తాడు," అన్నాను.

"పెద్దోళ్లు ఒప్పుకోరు లే అన్నా," అంది హుస్సేన్‌బీ నవ్వి. బల్ల మీద కాగితం చూపించి, "ఇది మీరు రాసిందేనా హజ్రత్?" అని అడిగింది.

"నేను రాసిందే అక్కా, కాకపోతే అది..."

ఆమె అప్పటికే దాన్ని కళ్లకద్దుకుని మడిచి లోపల పెట్టుకుంది.

ఇచ్చేది దేవుడు, ఆపేది దేవుడు, కాగితానిదేముంది అని నేను నమ్ముతాను. అయినా ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి ఎందుకు లాక్కోలేకపోయానో నాకు తెలీదు. ఆమె ముఖం అంత తేలిగ్గా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ వారమే ఏసీ గాలికి మేడమ్‌కు గొంతు పట్టేసింది. మరుసటి శుక్రవారానికి మా మెట్ల మీద ఆరుగురు ఆడవాళ్లు నిలబడ్డారు. ముందు హుస్సేన్‌బీ. హారిస్, అంటే మా వాచ్‌మన్, యజమానికి ఫోన్ కొట్టాడు.

సాయంత్రం అసర్ నమాజు కాగానే ఆయన వచ్చాడు. హుస్సేన్‌బీ అందరికీ చూపిస్తున్న కాగితాన్ని టిష్యూతో, రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఇది సిహర్," అన్నాడు. అంటే చేతబడి. "ఏం రాసుందో చదువు, నబీ రసూల్. అబద్ధం చెప్పొద్దు."

నేను ఒక్కో ముక్క చదివి, కొట్లో నేర్చుకున్న అరబీలోకి మార్చాను. "బిగించకుండా మొదలుపెట్టరాదు. తిరుగుతుండగా మూత తీయరాదు. లోపల చేయి పెట్టరాదు."

"ఏది తిరుగుతుండగా?"

మిక్సీకి అరబీలో ఏమంటారో నాకు రాదు. వేలు గాల్లో గుండ్రంగా తిప్పి 'ఝుయ్' అని చూపించాను. హారిస్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇంతలో జాహెదా మా ఇంట్లో మిక్సీ పట్టుకొచ్చి, గడప దగ్గర ప్లగ్గు పెట్టి తిప్పింది. బిల్డింగంతా మోగింది. యజమాని ముఖం విచ్చుకుంది.

"ఇదా! సిహర్ కాదు. అల్‌హమ్‌దులిల్లాహ్." మళ్లీ ముడుచుకుంది. "అయితే పెళ్లికాని మగవాడి ఇంటికి ఇంతమంది ఆడవాళ్లు ఎందుకొస్తున్నారు?"

తాయెత్తు కోసమంటే జైలు. కాదంటే అంతకంటే ఘోరం. యజమాని మిక్సీని చూశాడు, ఆడవాళ్లను చూశాడు, తనకు తానే తల ఊపుకున్నాడు.

"ముహందిస్!" అన్నాడు. అంటే ఇంజనీరు. "ముందే చెప్పొచ్చు కదా! మా ఇంట్లోది కూడా ఆగిపోయింది. ఇప్పుడే పంపిస్తా. అది తిరిగితే అగ్రిమెంటు."

నేను నోరు తెరిచాను. ఆయన నన్నేమీ అడగలేదు, తనే అనుకున్నాడు. అడగనిదానికి జవాబు చెప్పకపోతే అబద్ధమాడినట్టా? మనసులో పైవాణ్ణి అడిగి జవాబు కోసం చూస్తుండగానే ఆయన లిఫ్టెక్కాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే హారిస్ మిక్సీ తెచ్చి ఇచ్చాడు. మన దేశంలో చేసిందే. వాళ్ల వంటామె కేరళ మనిషట. హుస్సేన్‌బీ భోజనానికి మా ఇంట్లోనే ఆగింది కాబట్టి ఆమె, జాహెదా తలుపు దగ్గర నిలబడ్డారు. ఖయ్యూమ్ అప్పటికే పరుపు చుట్టి తాడు కట్టేశాడు.

"మిక్సీని ఇంత దగ్గర్నించి చూడడం ఇదే మొదలన్నా," అన్నాడు.

"నీ రాతలో ఏముందో చూడబ్బా. తిరక్కపోతే మళ్లా ఆ ఎనిమిది మంది గదికే పోవల్ల."

అతను ల్యాప్‌టాప్ తెరిచి నమాజులో నిలబడ్డట్టు నిలబడి చదివాడు. "మోటారు వేడెక్కి ఆగిపోయినచో, అడుగున గల ఎర్రని బటన్ నొక్కవలెను."

"అడుగున బటనుంటాదా?" అంది జాహెదా.

"ఇంగ్లీషులో అట్లే ఉన్నింది వదినా. నేను మార్చి రాసినా అంతే."

తిరగేశాం. జిడ్డు గోకితే నిజంగానే ఎర్రగా ఏదో కనబడింది. ఖయ్యూమ్ బిస్మిల్లా అని నొక్కి, స్విచ్ వేశాడు. మిక్సీ గుర్రుమని లేచి బల్ల మీద పరిగెత్తబోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"అన్నా!" అని అరిచాడు ఖయ్యూమ్. అతని కళ్లలో నీళ్లు. "నేను రాసింది పనిచేస్తాందన్నా!"

తలుపు దగ్గర్నుంచి హుస్సేన్‌బీ నా వైపు జాలిగా చూసింది.

"హజ్రతేనని ఆ పొద్దే చెప్తి గదన్నా," అంది.