ఎడమ చెవిలో తేడా

మీరు మీరేనా కాదా అని తేల్చి చెప్పే ఉద్యోగం ఒకటుంది. ఎవరి ఖాతాకైనా తాళం పడితే, వాళ్లు గుర్తింపు కార్డు ఫోటో ఒకటి, అప్పటికప్పుడు తీసుకున్న ఫోటో ఒకటి పంపిస్తారు. ఆ రెండూ ఒకే మనిషివా అని చూసి, అవుననో కాదనో మీట నొక్కాలి. మనిషికి నలభై సెకన్లు. ఐదో అంతస్తులో, తెరలు దించిన కిటికీల పక్కన, వందమంది కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది ఇదే పని. పదేళ్ల తర్వాత ఎదురుపడ్డ స్నేహితుణ్ణి పోల్చుకోవడానికే మనకు కాస్త సమయం పడుతుంది. వీళ్లకు నలభై సెకన్లు చాలు.

ఆ వందమందిలో మన కథలోని తమ్ముడు మొనగాడు. ఆఫీసులో అందరూ అతన్ని చెవుల పంతులు అంటారు. మొహం మోసం చేస్తుందని అతని సిద్ధాంతం. మనుషులు లావెక్కుతారు, చిక్కిపోతారు, గడ్డం పెంచుతారు, జుట్టుకు రంగేస్తారు. చెవి మాత్రం పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుందట. అందుకని ఒక అట్టముక్కకు రెండు కిటికీలు కోసి తెరకు అతికించుకున్నాడు. ఎడమ కిటికీలో కార్డు ఫోటోలోని చెవి, కుడి కిటికీలో ఇప్పటి ఫోటోలోని చెవి. మొహాలన్నీ అట్ట వెనకాల. కొత్తగా చేరినవాళ్లకు భోజనాల గదిలో ఉచితంగా పాఠం కూడా చెప్పేవాడు. "మొహం చూశావనుకో, జాలి పుడుతుంది. జాలి పుట్టిందా, తప్పు చేస్తావు." వినేవాళ్లు బుద్ధిగా తలలూపేవారు.

అతనికి ఒక అక్క ఉంది. బస్సులో ఐదు గంటలు వెళితే వచ్చే ఊళ్లో ఉంటుంది. ఆవిడ ఒక్కతే ఏడేళ్లు కూర్చుని ఒక యాప్ రాసింది. కళ్లు కనబడనివాళ్లు మందు సీసా మీదకో, కరెంటు బిల్లు మీదకో ఫోన్ తిప్పితే, దాని మీద రాసి ఉన్నదంతా పైకి చదివి వినిపిస్తుంది. తొమ్మిదివేల మంది వాడుతున్నారు. వాళ్లందరికంటే ముందు వాడినవాడు వయొలిన్ మేష్టారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. యాప్‌లో ఏ తప్పు దొర్లినా ముందు పట్టేది ఆయనే.

అక్క తలలో గడ్డ ఉందని తెలిసి పద్నాలుగు నెలలైంది. తమ్ముడు ఆవిణ్ణి చూసి రెండేళ్లు దాటింది. సెలవు దొరకలేదన్నాడు. తర్వాత జలుబు చేసింది, అంటుకుంటుందేమో అన్నాడు. అది తగ్గాక మళ్లీ సెలవు దొరకలేదు. అసలు సంగతి భయం. జబ్బుపడ్డ మొహాన్ని ఎదురుగా కూర్చుని చూడాలంటే అతనికి ఒళ్లు చల్లబడుతుంది. ఫోన్ మాత్రం ప్రతి ఆదివారం చేసేవాడు. ఎలా ఉన్నావని అడిగి, ఆవిడ చెప్పేది పూర్తికాక ముందే ధైర్యంగా ఉండమనేవాడు. ఊరికే వస్తుంది గదా అని అతను ధైర్యాన్ని ధారాళంగా పంచిపెట్టాడు.

ఆ ఆదివారం మాత్రం అక్కే చేసింది.

"ఒరేయ్, యాప్ నడిపే నా ఖాతాకి తాళం పడిందిరా. ఆస్పత్రి మంచం మీంచి లాగిన్ అయ్యాను. కొత్త చోటు కదా, దొంగెవరో అనుకున్నట్టుంది. నువ్వు నువ్వేనని రుజువు చేసుకోమంటోంది. రెండుసార్లు ఫోటోలు పంపాను, రెండుసార్లూ కాదు పొమ్మన్నారు. మూడోసారీ కాదంటే ఇక శాశ్వతంగా మూసేస్తారట."

"పాస్‌వర్డ్ మార్చి చూశావా?"

"అవన్నీ అయ్యాయిరా. గురువారం ఆపరేషన్. ఆ తర్వాత చూపు ఎలా ఉంటుందో, చేతులు ఎలా ఉంటాయో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఈలోపు యాప్‌ని మేష్టారికి అప్పజెప్పేయాలి. వాళ్ల కోడలికి ఈ పని వచ్చు, ఇద్దరూ చూసుకుంటామన్నారు. కానీ ఇప్పుడు ఆయనకున్నది పరీక్షించి చూసే అనుమతి ఒక్కటే. యజమాని అనుమతి ఇవ్వాలంటే యజమాని లోపలికి వెళ్లి ఇవ్వాలి. ఆ యజమానినేమో గుమ్మం బయట నిలబెట్టారు. మీ ఆఫీసుకే కదురా ఈ ఫోటోలు వచ్చేది?"

"మా ఆఫీసుకే. వందమందిమి ఉన్నాం, ఎవరికి పడుతుందో ఎవరికి తెలుసు?"

అదొక్కటే చెప్పాడు గాని, ఇంకో దారి ఉందని అతనికి తెలుసు. సొంతవాళ్ల ఫైలు వస్తుందని ముందే చెబితే దాన్ని వేరే ఆఫీసుకు పంపిస్తారు. అక్కడివాళ్లు మనిషితో వీడియోలో మాట్లాడి, నాలుగు ప్రశ్నలడిగి తేలుస్తారు. దానికి నాలుగు పేజీల ఫారం నింపాలి. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది, సదరు బంధువును మీరు చివరిసారి ఎప్పుడు కలిశారు అని. ఆ గడిలో రెండేళ్ల కిందటి తేదీ వేయడానికి మనవాడికి మనసొప్పలేదు. వందమందిలో తనకే పడుతుందా ఏమిటి అని సర్దిచెప్పుకున్నాడు.

"మందులకి మొహం ఉబ్బిపోయిందిరా," అంది అక్క. "అద్దంలో చూసుకుంటే నాకే కొత్తగా ఉంది. ఒక్క నిమిషం వీడియోలోకి వస్తావా? ఫోటో ఎలా తీస్తే బావుంటుందో చూసి చెబుదువుగాని."

"ఇక్కడ సిగ్నల్ బాగాలేదక్కా."

కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది.

"పోనీలే," అంది అక్క.

"మొహానిదేముందక్కా. వెలుతురు ఎదురుగా పడేలా, చెవులు బాగా కనబడేలా తీసి పంపు. మొహం మారుతుంది గాని చెవులు మారవు. నేనైతే చెవులే చూస్తాను."

"చెవులా?" అంది అక్క. ఇంకేదో చెప్పబోయి ఆగి, "సరేలే, అలాగే పంపుతాను," అని పెట్టేసింది. ఏమిటక్కా అని అతను అడగలేదు. ధైర్యంగా ఉండమని ఆ రోజు కూడా చెప్పాడు.

సోమవారం పదకొండింటికి అక్క ఫైలు తమ్ముడి తెర మీదకే వచ్చింది. దీన్ని దాచి చివర్లో చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలని నాకు లేదు. పేరు ఉండాల్సిన చోట బూడిదరంగు పట్టీ ఉంది, అక్కడ అందరి పేర్లూ అలాగే కప్పేస్తారు. మొహం ఉండాల్సిన చోట అతను స్వయంగా కోసి అతికించిన అట్ట ఉంది. ఎడమ కిటికీలో ఒక చెవి, దాని తమ్మె నిలువునా తెగి రెండుగా వేలాడుతోంది. కుడి కిటికీలో ఒక చెవి, తమ్మె నున్నగా, చక్కగా ఉండి చిన్న దుద్దు పెట్టుకుని ఉంది. తెగిన చెవి అతుక్కుంటుందా? ఈ దొంగలకి ఎంత తెలివి అనుకున్నాడు. "ఎడమ చెవిలో తేడా. వేరే మనిషి," అని కారణం రాసి, కాదు అన్న మీట నొక్కాడు. పన్నెండు సెకన్లు పట్టింది. మిగిలిన ఇరవై ఎనిమిది సెకన్లలో మంచినీళ్లు తాగాడు.

మంగళవారం పొద్దున సమావేశం. సూపర్‌వైజరమ్మ గోడ మీది పెద్ద తెర వెలిగించింది. వారంలో బాగా చేసిన పనిని అందరికీ చూపించి మెచ్చుకోవడం అక్కడి అలవాటు.

"ఇది చూడండి. మూడోసారి ప్రయత్నం. ముందు చూసిన ఇద్దరికీ అనుమానం వచ్చింది గాని, తేడా ఎక్కడుందో చెప్పలేకపోయారు. మన పంతులుగారు పన్నెండు సెకన్లలో పట్టేశారు. రండి పంతులుగారూ, ఎలా పట్టారో మీరే చెప్పండి."

చప్పట్లు కొట్టారు. తమ్ముడు చొక్కా సర్దుకుని లేచాడు. గోడ దగ్గరకు వెళ్లి, "ముందుగా ఈ ఎడమ చెవి తమ్మె చూడండి. పాత గాయం. ఏదో గట్టిగా పట్టి లాగితే..." అని, అక్కడ ఆగిపోయాడు.

గోడ మీద అట్ట లేదు. చెవి పక్కన చెంప ఉంది, చెంప పైన కన్ను ఉంది, ఆ కన్ను అతన్నే చూస్తోంది. ఆ చెవి తెగిననాడు అతనికి ఐదేళ్లు. అక్కకు పన్నెండు. చెవికి కొత్త రింగు పెట్టుకుని, అతన్ని వీపు మీద ఎక్కించుకుని గదంతా తిప్పుతోంది. కళ్లెం అంటూ ఆ రింగు పట్టుకుని లాగాడు. జాకెట్టు భుజం తడిసేంత నెత్తురు. అమ్మ వచ్చి ఏమైందని అడిగితే, తలుపు గడియకు తగులుకుందని చెప్పింది అక్క. ఈరోజు వరకూ ఆ మాట మార్చలేదు. ఈ చెవి అతని చేతి పనే. నిన్న పన్నెండు సెకన్లు దాన్ని చూసి కూడా అతనికి ఇవేవీ గుర్తు రాలేదు.

కుడివైపు ఫోటోలో ఉబ్బిన మొహం, తలకు కట్టిన గుడ్డ, చెవులు కనబడాలని ఆ గుడ్డను జాగ్రత్తగా వెనక్కి మడిచిన మడతలు. చెప్పినట్టే చేసింది, పిచ్చిది.

"ఈమె మా అక్క," అన్నాడు.

ఎవరో నవ్వారు. పంతులు జోకేశాడనుకున్నారు.

తర్వాత గాజు గదిలో సూపర్‌వైజరమ్మ తలుపు వేసి కూర్చోబెట్టింది. చెడ్డ మనిషేం కాదు, మంచినీళ్లు కూడా ఇచ్చింది.

"ముందే ఎందుకు చెప్పలేదు? చెప్పుంటే వేరే ఆఫీసువాళ్లు వీడియోలో మాట్లాడి నిన్ననే తేల్చేసేవాళ్లు."

"తప్పైపోయింది మేడమ్. ఆ మనిషి ఈ మనిషే. నేను చెబుతున్నాను గదా. మీట వెనక్కి తిప్పండి."

"నువ్వు చెబితే చెల్లదయ్యా. సొంత మనిషివి. అసలు ఆ ఫైలు నువ్వు ముట్టుకోవడమే తప్పు."

"నేను కాదన్నది చెల్లింది, అవునంటే చెల్లదా?"

ఆవిడ కీబోర్డు దగ్గరకు లాక్కుని, "మళ్లీ విచారించమని పైకి రాస్తాను. ఏడు పనిదినాలు పడుతుంది," అంది.

"గురువారం ఆపరేషన్ మేడమ్."

"విచారణ ఫారంలో ఆపరేషన్ రాయడానికి గడి లేదు," అంది ఆవిడ. నిజంగానే లేదు. ఆ ఫారం అతనికీ కంఠతా వచ్చు.

బుధవారం పొద్దున బస్సెక్కాడు. రెండేళ్లుగా దొరకని సెలవు అడగ్గానే దొరికింది.

వార్డులో ఆరు మంచాలు. గుమ్మంలో నిలబడి ఒక్కో మొహమే చూసుకుంటూ వచ్చాడు. నాలుగో మంచం దాటి వెళ్లిపోతుంటే వెనక నుంచి, "ఒరేయ్, ఇక్కడ," అని వినబడింది. రెండోసారి కూడా పోల్చుకోలేకపోయాడు.

అక్క దిండుకు ఆనుకుని కూర్చుంది. రెండు చెవులకూ చిన్న దుద్దులు.

"కుట్టించుకున్నాను," అంది, అతని చూపు ఎక్కడుందో గమనించి. "మొన్న ఎండాకాలంలో. జుట్టంతా ఊడిపోయాక మొహం మరీ బోడిగా అయిపోయిందిరా. కనీసం చెవులకైనా ఏదో ఒకటి పెట్టుకోవాలనిపించింది. ఇక్కడి డాక్టరమ్మ పది నిమిషాల్లో కుట్టేసింది. నీకు చెబుదామనే అనుకున్నాను. చెబితే చిన్నప్పటిదంతా గుర్తొచ్చి బాధపడతావేమోనని ఊరుకున్నాను."

అతను మంచం చివర కూర్చున్నాడు.

"మీ ఆఫీసునుంచి మెయిల్ వచ్చింది," అంది అక్క. "ఎడమ చెవిలో తేడా, వేరే మనిషి అట. నాకు అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి, నర్సు చదివి పెట్టింది. మొహం వదిలేసి చెవులు చూసేవాడు ఈ లోకంలో ఎంతమంది ఉంటారురా?"

"తెలియక చేశానక్కా."

"తెలిసి చేసుంటే పోట్లాడేదాన్ని. చెంప వాయగొట్టి, మళ్లీ నేనే దగ్గరకు తీసుకునేదాన్ని. తెలియకే చేశావు. నా చెవి నీకు తెలియలేదు. దానికి నేనేం చేయను చెప్పు?"

గొంతు పెంచలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. తిట్టినా బావుండేదనిపించింది అతనికి.

పక్క బల్ల మీద ఫోన్ మోగింది. అక్క తీసి చూడబోయి, కళ్లు చికిలించి, అతనికి అందించింది.

"మేష్టారు. ఖాతా మూసిన మర్నాడే యాప్ కూడా మూగబోయింది. నిన్నట్నుంచి ఫోన్‌ని బల్లకు ఆనించి వీడియోలో నాకు సీసాలు చూపిస్తున్నారు, ఏది ఏ మందో చెప్పమని. కోడలు పనికి వెళితే ఇంట్లో ఆయనొక్కరే. నాకా అక్షరాలు ఆనడం లేదు. నువ్వు చూసి చెప్పు. చూసి చెప్పడమే గదా నీ పని."

అతను కాల్ ఎత్తాడు. తెర మీద ముడతలుపడ్డ చేతులు రెండు, చేతికో సీసా. సీసా మీది అక్షరాలు సన్నగా ఉన్నాయి. అతనికి కళ్లలో నీళ్లు తిరిగి అవి అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈసారి నలభై సెకన్లు చాల్లేదు.

"కుడిచేతిలోది కంట్లో వేసుకునే మందండి. ఎడమచేతిలోది చెవి మందు," అన్నాడు.

"చల్లగా ఉండు బాబూ," అన్నారు మేష్టారు. "ఇందాకట్నుంచి పట్టుకునే కూర్చున్నాను, ఎక్కడైనా పెడితే కలిసిపోతాయని. కొత్త గొంతులా ఉందే. అమ్మాయికి నువ్వేమవుతావు?"

తమ్ముడు అక్క వంక చూశాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. దిండు మీద ఎడమ చెవి పైకి ఉంది, తమ్మె మీద కుట్టు సన్నని గీతలా కనబడుతోంది.

తమ్ముణ్ణని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ఆఫీసు నుంచి వచ్చానండి," అన్నాడు.

అక్క నిద్రపోలేదు. ఆ మాట వింది.