పెట్టెలో ఏముంది తాతా?

ఎబో ఎగీర్ పెట్టె సర్దుకునే తీరు ఎన్నేళ్ళయినా మారలేదు. అడుగున గుడ్డ. గుడ్డ మీద మూడు స్క్రూడ్రైవర్లు. వాటి పక్కన పాత బాబిన్లు, తోలు బెల్టు ముక్కలు, సూదుల పొట్లం. నూనెడబ్బా ఓ మూల నిటారుగా ఉండాలి, ఒరిగిందా మిగతావన్నీ జిడ్డే. ఆ డబ్బా కింద చిన్న ఫోను, ఎవడూ కొట్టేయకుండా. మూడు వారాలుగా ఇంకో వస్తువు చేరింది. కాగితంలో చుట్టిన వేరుసెనగ అచ్చు. అది శనివారం కోసం.

ఆ గురువారం మూత వేసి, ఇత్తడి గొళ్ళెం పెట్టి, ఎడమ చేత్తో లేపబోయాడు. చెయ్యి బరువుగా తోచింది. "నీకేం వచ్చిందే పొద్దున్నే?" అని చేతినే కసురుకుని పెట్టెను కుడిచేతికి మార్చుకున్నాడు. నల్లరంగు వేసిన చెక్కపెట్టె అది. ఆ పెట్టెనూ, దాన్ని మోసే మనిషి ఈడ్చి నడిచే ఎడమకాలినీ మా ఊరివాళ్ళే కాదు, ఈ దేశంలో ఐదో తరగతి గట్టెక్కిన వాళ్ళు చాలామంది ఎరుగుదురు.

ఎలాగంటే, నలభై ఏళ్ళ కిందట మా బడిలో పనిచేసిన బెంట్సిల్ మాస్టారు పిల్లల కోసం ఒక సాహస నవల రాశాడు. పేరు 'ఉప్పుమడుల నలుగురు'. ఊరిని కాచే దండువాళ్ళ పాత జెండా మాయమవుతుంది. పెద్దలంతా తలలు పట్టుకుని కూర్చుంటే, నలుగురు చురుకైన పిల్లలు ఉప్పు మీద పడ్డ అడుగులు కొలుస్తారు. కుడిపాదం మొత్తం పడుతుంది, ఎడమది వేళ్ళు మాత్రమే. ఆ కాలి మనిషి చేతిలో ఎప్పుడూ ఒక నల్లపెట్టె. పిల్లలు చాటునుంచి "పెట్టెలో ఏముంది తాతా?" అని అరుస్తారు. వాడు "గాలి! ఉత్త గాలి!" అంటాడు. చివరికి తెరిచి చూస్తే జెండా. పుస్తకం బాగుంటుంది, అబద్ధమెందుకు. మూడేళ్ళు తిరక్కుండా ఐదో తరగతికి ఉపవాచకం అయి కూర్చుంది.

మాస్టారు దొంగకు వేరే పేరు పెట్టాడు. కాలూ పెట్టే మాత్రం మార్చలేదు. కుట్టుమిషన్లు బాగుచేసుకునే ఎబోకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులోనే ఊరందరికీ తాత అయిపోయాడు.

అప్పట్నుంచీ ఏటా ఐదో తరగతిలో ఓ నలుగురు జట్టుకడతారు. బడి వదలగానే అతని వెనక పడతారు. గోడచాటు నుంచి చూస్తారు, అడుగులు కొలుస్తారు, నోటుబుక్కులో టైము వేసి రాస్తారు. దాచడమెందుకు, నేనూ పడ్డాను. ఆ మాట నేనూ అరిచాను, గొంతు పగిలేలా అరిచాను. అతను ఆగి, వెనక్కి తిరిగి, "గాలి! ఉత్త గాలి!" అనేవాడు, అచ్చం పుస్తకంలోలాగే. మేం కేకలు పెడుతూ పరిగెత్తేవాళ్ళం. ఒక్కనాడూ తిట్టలేదు, రాయి విసరలేదు. ఒక్కనాడూ పెట్టె తెరిచి చూపించనూ లేదు. తెరిస్తే పాపం పిల్లల ఆట చెడిపోతుందట. ఆ సంగతి పెద్దయ్యాక తెలిసి నాకు సిగ్గేసింది.

పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఆ గురువారం పొద్దున కెంకె, అంటే పులిసిన మొక్కజొన్న ముద్దలు, అమ్మే ఆవిడ అరటాకు విప్పి ముద్ద, వేయించిన చేప, మిరపకాయ నూరుడు ముందు పెడుతూ, "ఏం దొంగగారూ, ఇవాళ ఎవరి జెండా?" అంది.

"నీ నడుముకున్న గుడ్డ. జాగ్రత్తగా కట్టుకో" అన్నాడు ఎబో.

ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. సగం ముద్దే తిన్నాడు. "ఏం, ఉప్పు చాలలేదా?" అందావిడ. "ఆకలి లేదులే" అని లేచాడు.

ఈ నవ్వులాట ఒక మనిషి దగ్గర మాత్రం చెల్లలేదు. అతని కూతురు ఎఫువా ఐదో తరగతిలో ఉండగా బల్ల మీద ఎవరో 'దొంగ కూతురు' అని చెక్కారు. ఆ పిల్ల ఇద్దరి తలలు పగలగొట్టి ఇంటికొచ్చి, "నువ్వెందుకు నవ్వుతావు నాన్నా? వాళ్ళు అంటుంటే నువ్వెందుకు నవ్వుతావు?" అని అడిగింది. పదహారేళ్ళకే టకొరాడి పట్నం వెళ్ళిపోయింది. తల్లి పోయినప్పుడు వచ్చింది, మూడోరోజు వెళ్ళింది. నవల ఎబో కూడా చదివాడు, రెండుసార్లు, అక్షరాల కింద వేలుపెట్టి. చివర్లో దొంగ దొరికినప్పుడు తనకూ హమ్మయ్య అనిపించింది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఎఫువా తన కూతురు అరబాను మా ఊరు పంపింది. ఎబో దగ్గరికి కాదు, సముద్రపు పాయ మీది వంతెన అవతల తల్లివైపు పెద్దమ్మ ఇంటికి. మాలో పిల్లలు తల్లి వంశానికే చెందుతారు కదా. అరబా శనివారాలు తాత గదికి వస్తుంది. కింద కూర్చుని బాబిన్లకు దారం చుడుతుంది. పెట్టెలో ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీస్తుంది. తాతా మనవరాలూ ఇద్దరూ మంగళవారం పుట్టినవాళ్ళే, పేర్లు కూడా ఆ వారాన్ని బట్టి పెట్టినవే. "మంగళవారం మనల్ని చూసి సముద్రం మీదికి పడవ కూడా పోదు, తెలుసా?" అంటాడతను, మా తీరంలో ఆ రోజు చేపలవేట లేదు కాబట్టి. ఆ పిల్ల పకపకా నవ్వుతుంది. ఆ నవ్వూ ఆ గొంతూ చనిపోయిన భార్యవి. కాస్త బొంగురు.

అరబా చేరింది ఐదో తరగతిలో. కొత్త ఊరు, కొత్త బడి. మూడో రోజునే జోజో అనే పిల్లాడు తన జట్టులో చేర్చుకున్నాడు, చేతిరాత గుండ్రంగా ఉందని. పోయిన సోమవారం ఎబో ఉప్పుమడుల గట్టు మీద నడుస్తుంటే వెనక కేక వినిపించింది. "పెట్టెలో ఏముంది తాతా?" నాలుగు గొంతులు. అందులో ఒకటి బొంగురు గొంతు.

అతను ఆగాడు. తిరిగాడు. నలుగురినీ ఒకేలా చూశాడు. ఒక క్షణం కూడా ఆ పిల్ల మీద చూపు నిలపలేదు. "గాలి! ఉత్త గాలి!" అన్నాడు. ఇంటికెళ్ళి చాలాసేపు మంచం మీద కూర్చున్నాడు. పసిపిల్ల, స్నేహితుల కోసం మొహం వాచి ఉంది, దాని తప్పేముంది అనుకున్నాడు. నిజమే. అయినా ఇది ఇలాగే పోతే ఈ పిల్ల కూడా ఏదో ఒకరోజు వెళ్ళిపోతుంది. ఆ భయం అతన్ని వదల్లేదు.

అందుకే ఆ గురువారం మధ్యాహ్నం బెంట్సిల్ మాస్టారి ఇంటికి వెళ్ళాడు. మాస్టారి భార్య మిషను చూడాల్సి ఉంది కూడా. మాస్టారికి ఎనభై దాటాయి, వసారాలో పడక్కుర్చీ వదలడు. ఎబో మిషను పక్కకు వంచి, దూది తీసి, నూనె పోసి, చక్రం తిప్పి చూసుకుని, చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"మాస్టారూ, ఒకటడుగుతాను."

"నలభై ఏళ్ళకి నోరు పెగిలిందే! అడుగు."

"రేపు బడికొచ్చి ఐదో తరగతి పిల్లలకి ఒక్క మాట చెప్పండి."

"ఏమని?"

"కాలు నాది, పెట్టె నాది, దొంగతనం మాత్రం మీదని."

మాస్టారు పెద్దగా నవ్వబోయి, ఎబో మొహం చూసి సగంలో ఆపేశాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కిటికీ పక్కన కూచుని రాస్తుంటే నువ్వు అటుగా పోయావురా. అంతే. నీ నడక నచ్చింది నాకు. నువ్వెప్పుడూ నవ్వుతూనే ఉండేవాడివి, నీకు సరదాగానే ఉందనుకున్నా. ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"ఇన్నేళ్ళూ పరాయి పిల్లలండీ."

"ఇప్పుడు?"

ఎబో వసారా మెట్లకేసి చూస్తూ, "నా మనవరాలుంది ఆ తరగతిలో. నేను దాని తాతనని మాత్రం చెప్పకండి. అది ఎప్పుడు చెప్పుకుంటే అప్పుడే" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "పది గంటలకల్లా బళ్ళో ఉంటాను. కర్ర పట్టుకునైనా వస్తాను" అన్నాడు. మెట్లు దిగుతున్న ఎబోను వెనక్కి పిలిచి, "తప్పయిపోయిందిరా ఎబో" అన్నాడు. ఎబో తలూపి, పెట్టె తీసుకుని రోడ్డెక్కాడు.

చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైనట్టుంది. చెమట మాత్రం ధారగా కారుతోంది. రేపు పది గంటలకు మాస్టారు చెప్తాడు, ఎల్లుండి శనివారం. అరబా వస్తుంది. ఏమో, వంతెన దాకా తనతో కలిసి నడుస్తుందేమో, పట్టపగలు, అందరూ చూస్తుండగా. అతనికి అంతకుమించి ఏమీ వద్దు.

వంతెన దగ్గర బడిపిల్లలు కలిశారు. వెనక గుసగుసలు, చెప్పుల చప్పుడు. తర్వాత కేక. "పెట్టెలో ఏముంది తాతా?" బొంగురు గొంతు ఇవాళ కొంచెం ఆలస్యంగా, కొంచెం మెల్లగా కలిసింది. ఎబో తిరిగి నవ్వాడు. "గాలి! ఉత్త గాలి!" ముగ్గురు కెవ్వుమని పరిగెత్తారు. నాలుగో పిల్ల అక్కడే నిలబడింది. తర్వాత అదీ పరిగెత్తింది.

మాన్సా దర్జీ దుకాణం సముద్రం వైపు సందులో ఉంది. రేకుల గది, రోడ్డు వైపు తెరిచే తలుపులు. శనివారం ఎవరిదో పెద్ద అంత్యక్రియలు. నల్లగుడ్డలు, ఎర్రగుడ్డలు గుట్టలుగా పడున్నాయి. "రా బాబాయ్, నా ప్రాణం లేచొచ్చింది! పొద్దుట్నించీ కుట్టు తప్పుతోంది. ఈ ఇరవై రవికలూ ఎల్లుండికి ఇవ్వకపోతే నా అంత్యక్రియలు కూడా దాంట్లోనే కలిపేస్తారు."

"నీకెవరు కుడతారే రవిక?" అంటూ అతను పెట్టె తెరిచాడు, వీధి వైపు వీపు పెట్టి.

సూది వంగింది. అదొక్కటే కాదు, కింది దారం అందించే షటిల్ కూడా అరిగింది. రెండూ మార్చాడు. గుడ్డను ముందుకు నెట్టే పళ్ళలో ఇరుక్కున్న పోగులు పిన్నుతో ఒక్కొక్కటే లాగాడు. మధ్యలో ఒకసారి ఆగి ఎడమ చెయ్యి రుద్దుకున్నాడు. "మంచినీళ్ళివ్వనా?" అంది మాన్సా. "ముందు కుట్టి చూడు. పొడుగ్గా కుట్టు, మధ్యలో ఆపకు" అని స్టూలు గోడవైపు జరుపుకుని, వెనక్కి వాలి కూర్చున్నాడు.

మాన్సా నల్లగుడ్డ పీలిక ఒకటి సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. మిషను వాన పడ్డట్టు సాఫీగా నడిచింది. పీలిక అయిపోతే ఇంకోటి తీసింది. ఆ చప్పుడు ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, అసలు రవికే పెట్టి రెండు భుజాలూ కుట్టేసింది. "వెన్నపూసలా పోతోంది బాబాయ్! నీ చేతిలో ఏముందో గానీ..." అంటూ తిరిగింది.

అతను అలాగే వాలి ఉన్నాడు. కళ్ళు అరమోడ్పుగా మిషను వైపే ఉన్నాయి. "బాబాయ్?" అంది. భుజం పట్టుకుని, "బాబాయ్!" అని అరిచింది.

ఎదురుగా కెంకె పొయ్యి గోడ వెనకనుంచి ఒక పిల్ల రోడ్డుకు అడ్డంగా పరిగెత్తుకొచ్చింది. చెప్పులు ఊడిపోయాయి. "తాతా! తాతా!" అని అతని మోకాళ్ళ మీద పడింది. "లే తాతా, నేను అరబాని! లే!"

వెనకే వచ్చిన ముగ్గురు పిల్లలు దుకాణం బయట ఆగిపోయారు. వీధంతా పోగైంది. ఎవరో కారు కోసం పరిగెత్తారు, ఎవరో గుండె మీద చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. "బాబాయ్ కూతురికి ఫోను చెయ్యాలి, నంబరెవరి దగ్గరుంది?" అని మాన్సా ఏడుస్తూ అడిగింది.

అరబా తల ఎత్తకుండానే చెప్పింది. "పెట్టెలోనే ఉంటుంది ఫోను. నూనెడబ్బా కింద."

జోజో ఆ పిల్ల కేసి చూశాడు. మాన్సా డబ్బా తీసింది. ఫోనూ, దాని పక్కన కాగితంలో చుట్టిన అచ్చూ అందరికీ కనిపించాయి.

మర్నాడు పది గంటలకు బెంట్సిల్ మాస్టారు కర్ర పోటు వేసుకుంటూ నిజంగానే బడికి వచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం ఆ మాటే చెప్పాడు. కాలు అతనిది, పెట్టె అతనిది, దొంగతనం నాది అన్నాడు. నిలబడలేక కూర్చుని ఏడ్చాడు. కిటికీ పక్క తను కూర్చునే బల్లమీద అరబా లేదు.

పొయ్యి గోడ వెనక పడిపోయిన పిల్లల నోటుబుక్కును సందు ఊడుస్తూ మాన్సా చూసింది. సముద్రపు తడికి అట్ట మెత్తబడిపోయింది. చివరి పేజీలో గుండ్రటి చేతిరాత. 'నాలుగుంబావు: నల్లపెట్టె దుకాణంలోకి వెళ్ళింది. నాలుగున్నర: స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగూ నలభై: కదలడం లేదు.' ఆ కిందిది ఆఖరి వరుస. అందులో మొదట 'తాత' అని రాసి, కొట్టేసి, పక్కన ఇలా ఉంది: 'అనుమానితుడు ఇంకా కదలడం లేదు. కాపలా కాస్తున్నాం.'