గుమ్మం దగ్గర నిలబడే మనిషి

ముప్ఫై ఏడో పెట్టె అడుగున రెండో వరస టేపు లాగి, బొటనవేలి గోటితో అంచు నొక్కి, పళ్ళతో కొరికి తెంపింది కాగితాలక్క. నడుముకి కట్టుకున్న తాడుకి కత్తెర వేలాడుతూనే ఉంది. అయినా ఆవిడకు టేపు పళ్ళతో తెంపితేనే తెంపినట్టు. ఇరవై ఆరేళ్ళుగా అలా తెంపీ తెంపీ ముందు పళ్ళలో ఒకదానికి సన్నటి గాడి పడింది. అందులో అప్పుడప్పుడూ దారప్పోగులు చిక్కుకుంటాయి.

"ముప్ఫై ఏడు. వంటిల్లు. పింగాణీ," అంది పైకే.

ఇలా పైకి అనడం కొత్త. రెండు నెలల కిందటి వరకూ ఆ అవసరం రాలేదు.

ఇళ్ళు మార్చేవాళ్ళ పని అది. లారీ నడిపేది ఆవిడ తమ్ముడు. మోసేవాళ్ళు ఇద్దరు. సర్దడానికి ఆవిడా, కొత్తమ్మాయీ. కొత్తమ్మాయి చేరి నాలుగేళ్ళు దాటింది. చేరిన వారంలోనే ఎవరింట్లోనో చెత్తబుట్టని చెత్తతో సహా మూడు కాగితాల్లో చుట్టి, పెట్టెలో పెట్టి, టేపు వేసింది. కొత్తింట్లో ఆ ఇల్లాలు ఎవరో కానుక పంపారనుకుని మురిసిపోతూ విప్పింది. అప్పటినుంచీ ఆ పిల్ల పేరు కొత్తమ్మాయిగానే ఉండిపోయింది.

కాగితాలక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పాత పేపర్ల కట్ట ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. సిరా అంటి వేళ్ళ కొసలు ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటాయి. ఆవిడ భర్త కూడా ఈ పనిలోనే మోతగాడు. మెట్ల మీద బీరువా జారి అతని నడుము విరిగిన నెలలోనే, అతని బదులు ఆవిడ వచ్చింది. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. ఇన్ని వందల ఇళ్ళు మార్చిన మనిషి తను మాత్రం ఒక్క ఇల్లూ మారలేదు. తమ్ముడి మేడ మీద రెండు గదుల్లోనే ఉంది.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. పెట్టె మీద అంకె తప్ప ఇంకేమీ రాయరు. లోపల ఏముందో పైన రాస్తే దారిలో పదిమంది కళ్ళూ పడతాయని యజమాని పెట్టిన నియమం. ఏ అంకెలో ఏముందో, కొత్తింట్లో అది ఏ గదికి చేరాలో ఒక మనిషి తలలో ఉండాలి. ఆ మనిషి కొత్తింటి గుమ్మం దగ్గర నిలబడి, పెట్టె వస్తుంటే చెయ్యి చూపించాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ గుమ్మం కాగితాలక్కది. డెబ్బై పెట్టెలయినా, నూటపది పెట్టెలయినా చీటీ అన్నది లేదు.

పదిహేను రోజుల కిందట ఒకరింట్లో పుస్తకాలు వంటింట్లోకీ, వంట సామాను మేడ మీదకీ వెళ్ళాయి. పదకొండు పెట్టెలు మళ్ళీ కిందకి దింపారు. మోసేవాళ్ళు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకు కష్టంగా ఉంది. యజమాని మాత్రం అన్నాడు. "ఇంకొక్కసారి ఇలా అయితే, అక్కా, గోడౌన్లో అట్టలు మడుచుకుంటూ కూచో. గుమ్మం దగ్గర ఇంకొకళ్ళని పెడతా."

గోడౌన్లో కిటికీ లేదు. అట్టలు మడవడానికి తల అక్కర్లేదు.

ఈ ఇంటిని చూడ్డానికి వారం ముందే వచ్చి వెళ్ళింది. ఎప్పుడూ చెప్పే మాటలే ఇల్లాలికీ చెప్పింది. ఆవిడ ఫోన్లో రాసుకుంది. "పుస్తకాలు చిన్న పెట్టెల్లో పెట్టండమ్మా, మావాళ్ళ నడుములతో నాకింకా పనుంది. మంచం మరలు చిన్న సంచిలో వేసి మంచం కాలికే కట్టండి. ఫ్రిజ్ ముందురోజే ఆపేసి తలుపు తీసి ఉంచండి. టీవీ వెనకాల తీగలన్నీ పీకేముందు ఒక ఫోటో తీసుకోండి. కొత్తింటి గుమ్మం కొలిచారా? సోఫా కొలిచారా? రెండూ కొలవండి, తర్వాత దేవుణ్ణి తలుచుకోండి. కత్తెర మాత్రం పెట్టెలో పెట్టకండి. ఆ పెట్టె విప్పడానికి కత్తెర కోసం ఇల్లంతా తిరుగుతారు."

ఆఖర్న, అన్నిటికన్నా గట్టిగా చెప్పింది. "మందులు, కళ్ళజోళ్ళు, తాళాలు ఒక సంచిలో వేసి విడిగా ఉంచండి. దానికి నేను ఎర్రగుడ్డ కడతాను. ఎర్రగుడ్డ ఉన్నదాన్ని మావాళ్ళెవరూ ముట్టరు. అది పెట్టెలోకీ వెళ్ళదు, లారీలోకీ వెళ్ళదు. మీ చేతుల్లోనే ఉండాలి."

ఇవాళ ఆ ఇంటి పెద్దావిడ హాల్లో మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని ఈ సర్దుడంతా చూస్తోంది. ఇంటాయన తల్లి. ఒళ్ళో శాలువా, కాళ్ళకి మేజోళ్ళు.

"నన్నెన్నో నంబరు పెట్టెలో పెడుతున్నావే?"

"మీకు పెట్టె సరిపోతుందిగానీ అమ్మగారూ, మీ నోటికి సరిపోదు."

పెద్దావిడ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "మనం వెళ్ళేది ఆ మెట్లింటికేనా?" అని అడిగింది.

"మూడోసారి చెప్తున్నానత్తయ్యా. మెట్లిల్లు ఖాళీ చేసి ఎనిమిదేళ్ళయింది," అంది కోడలు, వంటింట్లోంచే. తర్వాత గొంతు తగ్గించి కాగితాలక్కతో అంది. "మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. కొత్తింట్లో కిటికీ ఉన్న చిన్న గది ఆవిడకనే అనుకున్నాం. ఇంకొక్కటి ఇలాంటిది జరిగితే గదీ గిదీ ఏం లేదు, హాల్లో మా కళ్ళముందే పడుకోబెడదాం అంటున్నారీయన."

కాగితాలక్క తలెత్తలేదు. చేతిలో ఉన్న గిన్నెని కాగితం మీద పెట్టి ఒక మూల మడిచింది. రెండో మూల మడవబోతూ ఆగిపోయింది. ఇది ముప్ఫై ఎనిమిదా, ముప్ఫై తొమ్మిదా?

పన్నెండు దాటేసరికి లారీ నిండింది. మొత్తం అరవై రెండు. చివరిసారి ఇల్లంతా చూసి రావడం కూడా ఆవిడ పనే. ప్రతి గదిలోకీ వెళ్తుంది, లోపలినుంచి తలుపు మూస్తుంది, అక్కడ ఒక్క క్షణం ఊరికే నిలబడుతుంది. తలుపు మూసినప్పుడే గది మొత్తం కనిపిస్తుందని ఆవిడ నమ్మకం. ఇవాళ మెట్లెక్కబోతుంటే తమ్ముడు లారీ తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు, అక్కా. కొత్తమ్మాయిని చూసి రమ్మన్నాలే."

"అదెందుకు? నేను చూస్తాగా."

"ఎండగా ఉంది. ఎక్కు."

ఎండ ఎప్పుడు లేదు కనక? ఆవిడ ఎక్కి కూర్చుంది. పెద్దావిడ కారెక్కబోతూ మళ్ళీ ఒకసారి బాత్రూంకి వెళ్తానంటే కోడలు లోపలికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. వాళ్ళు బయటికి వచ్చాక కొత్తమ్మాయి లోపలికి వెళ్ళింది. గ్లాసుడు నీళ్ళు తాగేంత సేపట్లో తిరిగొచ్చింది.

"ఏం లేదక్కా. ఇల్లు నున్నగా ఉంది."

దాని చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది. కాగితాలక్కని చూసి దాన్ని వెనక్కి పెట్టుకుంది. పొద్దున్నించీ ఆ పిల్ల ప్రతి పెట్టె దగ్గరా ఎందుకు తచ్చాడుతోందో ఇప్పుడు తెలిసింది. తమ్ముడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

కొత్తిల్లు రెండో అంతస్తులో ఉంది. కాగితాలక్క గుమ్మానికి వీపు ఆనించి నిలబడింది. మొదటి పెట్టె మెట్లెక్కి వచ్చింది. "పన్నెండు. పెద్ద పడగ్గది." చెయ్యి దానంతటదే లేచింది. "ముప్ఫై ఏడు. వంటిల్లు. మెల్లగా, పింగాణీ." "ఐదు. హాలు." "ఇరవై రెండు..." ఇరవై రెండు దగ్గర ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. తెల్లగోడలా ఉంది. మోతగాడు మెడ నరాలు ఉబ్బి ఎదురుచూస్తున్నాడు. మెట్ల మీద కొత్తమ్మాయి నోరు తెరవబోయింది. అంతలో దిండ్లు గుర్తొచ్చాయి. "చిన్న గది. దిండ్లు!" అంది. కొత్తమ్మాయి పుస్తకంలోకి చూసి నోరు మూసుకుంది. సరిపోయినట్టుంది.

అరవై రెండూ చేరాయి. ఒక్కటీ తప్పలేదు. కాగితాలక్క చీరకొంగుతో మెడ తుడుచుకుంటూ, ఇవాళ్టికి గట్టెక్కానని అనుకుంది. అప్పుడే కోడలు వచ్చి అడిగింది.

"రెండయింది. అత్తయ్య మాత్రలు వేసుకోవాలి. మందుల సంచి ఏదక్కా?"

"మీ దగ్గరే కదమ్మా ఉండేది."

"నా దగ్గర లేదు. కార్లో లేదు."

అందరూ కాగితాలక్క వైపు చూశారు. మందుల సంచి. నీలం సంచి. దాన్ని చేతుల్లోకి తీసుకోవడం గుర్తుంది. రెండు వైపులా కాగితం మడవడం గుర్తుంది. అయితే ఆ గోడ పచ్చగా ఉంది. ఈ ఇంట్లో పచ్చగోడ ఎక్కడుంది? అది పోయిన నెల ఇల్లు కాదూ? కాదేమో. ఎన్నిళ్ళలో ఎన్ని నీలం సంచులు! ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తున్నాయి. ఏది ఇవాళ్టిదో, ఏది ఎప్పటిదో తెలియడం లేదు.

"నలభై మూడు చూడండి," అంది.

నలభై మూడులో చెప్పులున్నాయి.

"ముప్ఫై ఎనిమిది."

కర్టెన్లు.

తమ్ముడు కత్తి తీసి ఒక్కో పెట్టే కోశాడు. కొత్తమ్మాయి పుస్తకంలో మందులన్న మాటే లేదు. పంతొమ్మిది పెట్టెలు విప్పారు. హాలంతా నలిగిన కాగితాలు మోకాళ్ళ ఎత్తున లేచాయి. ఇంటాయన ఇక లాభం లేదని డాక్టరు రాసిన పాత చీటీ ఫోటో ఫోన్లో వెతుక్కుని, వీధి చివర మందుల షాపుకి పరిగెత్తాడు.

ఆయన వెళ్ళగానే కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"సంచి మీ ఒళ్ళో పెట్టారా ఇవాళ?"

పెద్దావిడ శాలువా అంచు వేళ్ళకి చుట్టుకుంది. "ఒళ్ళో... ఏదో ఉన్నట్టే ఉందే. శాలువానేమో."

"ఏదో ఏంటత్తయ్యా? సంచా, శాలువానా?"

"బరువుగానే ఉంది మరి." పెద్దావిడ అందరి మొహాలూ చూసింది. ఎవరి మొహంలోనైనా జవాబు ఉంటుందేమోనన్నట్టు చూసింది. "నేనెక్కడైనా పెట్టానంటావా?"

"అదే! అదే అంటున్నారీయన. ఇంక మీకు విడిగా గది..."

"నేనే కట్టేశానమ్మా," అంది కాగితాలక్క.

గొంతు మామూలుగానే ఉంది. అన్నాక, అది నిజమే అయ్యుంటుందనిపించింది. కాగితం మడిచిన చేతులు తనవే కదా.

"ఆవిడకి ఇవ్వలేదు. పెట్టెలో పడేసి కట్టేశాను. ఎందులోనో గుర్తు లేదు. ఆవిణ్ణేమీ అనకండి."

కోడలు ఊపిరి వదిలింది. "ఎర్రగుడ్డ అన్నావు, ఇంత చెప్పావు! నువ్వే ఇలా చేస్తే ఎలా అక్కా?"

"అవును. తప్పే."

కాగితాల మధ్య నిలబడ్డ తమ్ముడు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటాయన మాత్రలు తెచ్చాడు. సంచి సంగతి భార్య చెబితే విని, "ఓహో, అమ్మ కాదా," అన్నాడు. చిన్న గదిలో కిటికీ పక్కన మంచం బిగించారు. పెద్దావిడ మాత్రలు మింగి పడుకుంది. కాగితాలక్క దిండు సరిచేస్తుంటే మణికట్టు పట్టుకుంది.

"నిజంగా నువ్వే కట్టేశావుటే?"

"ఏమోనమ్మగారూ."

"నాకూ ఏమోనే." పెద్దావిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి మూసిన కళ్ళతోనే అంది. "ఈ కిటికీ బావుంది. మెట్లింట్లోనూ ఇలాగే ఉండేది."

"పడుకోండి."

మెట్ల మలుపులో తమ్ముడు ఆపాడు. "ఎందుకొప్పుకున్నావే? ఎవరో ఒకరు పారేసుకున్నారని ఊరుకునేవాళ్ళుగా. ఇప్పుడు యజమానికి నేనేం చెప్పను?"

"ఉన్నదే చెప్పు."

"ఉన్నదేంటి? నువ్వు కట్టావా, లేదా?"

కాగితాలక్క గోడకి చెయ్యి ఆనించింది. "తెలీడంలేదురా. కట్టానంటే కట్టినట్టుంది, లేదంటే లేదు. తెలియని మనిషి గుమ్మం దగ్గరెందుకు?"

అతను చెప్పు ముక్కుతో మెట్టు అంచు గీకాడు. చిన్నప్పుడు తిట్లు పడ్డప్పుడూ అలాగే గీకేవాడు.

"రేపట్నించి దాన్ని నిలబెట్టు. పుస్తకం దాచుకోనక్కర్లేదని చెప్పు. అట్టలు నేను మడుస్తాలే."

అంకెలు రాసే నల్ల కలం తీసి కొత్తమ్మాయి చేతిలో పెట్టింది. ఆ పిల్ల తీసుకోకుండా, "అక్కా, నాకెందుకు, వద్దక్కా," అంటుంటే వేళ్ళు మూసింది. లారీలో రమ్మంటే నడుస్తానంది. సందు చివరిదాకా ఆవిడ తెల్లజుట్టు కనిపించింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, అటా ఇటా అన్నట్టు చూసి, కుడివైపు తిరిగింది.

పాతింట్లో సాయంత్రపు ఎండ ఖాళీ హాలు దాటి బాత్రూం గడప దాకా వచ్చింది. కిటికీలోంచి గాలి కొట్టి, పొద్దుటినుంచీ గోడకి ఆనుకునే ఉన్న తలుపు మెల్లగా మూసుకుంది. తలుపు వెనక మేకుకి మందుల సంచి వేలాడుతోంది. దాని పిడికి ఎర్రగుడ్డ, జారకుండా బిగించిన రెండు ముళ్ళతో.