చివరి నాలుగు పేజీలు

బడి లైబ్రరీలో ఉన్న పడవ కథకు చివరి నాలుగు పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. అడిగిన పిల్లలందరికీ టీచరమ్మ పడవ క్షేమంగా ఇల్లు చేరిందనే చెప్పేది. ఈ వారం బడి కంప్యూటరును ఊరి గ్రంథాలయంతో కలిపారు. ఆరో తరగతి పాప పుస్తకం పేరు కొట్టగానే, అక్కడ చిరగని ప్రతి ఉన్నట్టు కనబడింది. టీచరమ్మ అడిగితే, ఆ గ్రంథాలయం చూసుకునే పెద్దాయన మధ్యాహ్నానికల్లా ఆ పేజీలు ఫోటో తీసి పంపాడు.

పాప తెర మీద చూసి చదువుతుంటే, కిటికీలోంచి పడే ఎండలో బల్లలన్నీ నీళ్ల మీద తేలుతున్నట్టు అనిపించింది టీచరమ్మకి. పడవ ఇల్లు చేరలేదు, మెల్లగా వెన్నెల్లోకి సాగిపోయింది.

“ఇదేంటి టీచర్, మీరు ఇంటికొచ్చిందన్నారుగా?”

“నాకు తెలీక చెప్పానమ్మా.”

“అయినా మా చెల్లికి మీరు చెప్పిందే చెప్తా. లేకపోతే ఏడుస్తుంది.”

టీచరమ్మ ఫక్కున నవ్వింది. పాప వెళ్లాక ఆ నాలుగు పేజీలూ మళ్లీ మొదటినుంచి, పెదాలు కదుపుతూ చదువుకుంది.