ఇరవై ఒకటో తారీఖు

మా జైలు ఒక ఊరంత ఉంటుంది. మూడు వేలమంది మగవాళ్లు ఆ పక్క, రెండు వందలమంది ఆడవాళ్లం ఈ పక్క. మా వైపు రిజిస్టర్లన్నీ రాసేది నేనే. దొంగ సంతకాలు పెట్టి లోపలికొచ్చినదాన్ని. ఏరికోరి నాకే పుస్తకాలు అప్పగించిందంటే మా సూపరింటెండెంటు మేడం తెలివి ఏపాటిదో చూడండి. దొంగ చేతికి తాళాలివ్వడమంటారే, అదే.

ఆమెకు రెండే భయాలు: పై ఆఫీసు, పేపర్లో పడే ఫొటో. మేమంటే పురుగులతో సమానం.

కుట్టుమిషన్ల షెడ్డులో దిండు గలీబులు కుట్టే ఒకామె ఉంది. కూతుర్ని జైలు ఆసుపత్రిలోనే కంది. పిల్లని మేమంతా పిచ్చుక అంటాం. ఆరేళ్లు నిండేదాకా పిల్లలు తల్లి దగ్గరుండొచ్చు. నిండగానే పిల్లల హోంకి పంపేస్తారు. అక్కణ్ణుంచి తిరిగి తెచ్చుకోవాలంటే ఇల్లు చూపించాలి, పూచీ పడేవాళ్లని తీసుకురావాలి. ఈమెకు రెండూ లేవు. కానీ దేవుడు ఈ ఒక్కసారికి కళ్లు తెరిచాడు. పిచ్చుకకి ఆరేళ్లు నిండేది ఇరవై ఒకటిన, తల్లి విడుదల అదే నెల పదమూడున. ఇద్దరూ కలిసే గేటు దాటొచ్చు. మిగిలిన పీలికలతో పిల్లకి బయటికేసుకెళ్లే గౌను కూడా కుట్టేసింది.

మహిళా సంఘం అధ్యక్షురాలు ఏటా ఇక్కడికొచ్చి ఒక ఖైదీ బిడ్డ చేత కేకు కోయిస్తుంది. ఈసారి పిచ్చుక వంతు.

"ఇరవై ఒకటికి నేను విదేశాల్లో ఉంటానే," అందావిడ.

"మీకెప్పుడు వీలైతే అప్పుడే దాని పుట్టినరోజు మేడం!" అంది మా దొరసాని, ఒళ్లంతా నవ్వు పులుముకుని.

ఆ నెల ఒకటో తారీఖునే కానిచ్చేశారు. కేకు అరచేయంత, కెమెరాలు నాలుగు. పిచ్చుక నోట్లో ముక్క పెట్టి, ఫొటో సరిగా రాలేదని బయటికి తీసి మళ్లీ పెట్టారు. ఆ పసిది నమలాలో వద్దో తెలియక నోరు తెరుచుకునే నిలబడింది.

మర్నాడు పేపర్లో పడింది, జైలు చిన్నారికి ఆరో పుట్టినరోజని. ఐదో తారీఖున పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: ఆరేళ్లు నిండిన పిల్లని ఇంకా ఎందుకు ఉంచారు?

నేను జననాల రిజిస్టరు పట్టుకెళ్లాను. "ఇరవై ఒకటి మేడం. ఇదే రాసి పంపితే సరిపోతుంది."

"అంటే మేం చేసింది ఉత్తుత్తి పుట్టినరోజని నేనే రాసివ్వాలా? రేపు ఆవిడకి నా మొహం ఎలా చూపించను?"

చూపించడానికి మొహమంటూ ఉండాలిగా, అనుకున్నాను.

ఆమె సొరుగు లాగి బ్లేడు తీసి బల్ల మీద పెట్టింది. అదే బ్లేడు మా దగ్గర దొరికితే నెల రోజులు ఒంటరి సెల్లులో వేస్తారు.

"ఇరవై ఒకటిలో ఆ రెండు అంకె గీకెయ్. ఒకటి మిగులుతుంది. నీకు తెలియని విద్యా? చెయ్యనంటావా, రేపట్నుంచి మరుగుదొడ్లు కడుక్కో."

ఆ మరుగుదొడ్లు మొదటి ఏడాదంతా కడిగాను. గీకేశాను. కాగితం చిరగకుండా గీకి, గోటితో నున్నగా రుద్దాను కూడా. ఇంతకాలం ఆమెని చూసి పడ్డ అసహ్యమంతా ఒక్కసారిగా నామీదికి తిరిగింది.

ఆ సాయంత్రమే పిల్లని తీసుకెళ్లడానికి మేట్రను వెళ్లేసరికి తల్లి షెడ్డు దద్దరిల్లేలా అరిచింది. "దానికింకా ఐదేళ్లే! ఎనిమిది రోజులు ఆగితే నేనే తీసుకెళ్తాగా! పుస్తకం చూపించండి!" ఆఫీసుదాకా పరుగెత్తుకొచ్చింది. పుస్తకం తెరిచి ముందు పెట్టారు. ఆమెకి అక్షరం ముక్క రాదు.

"నువ్వు చదువక్కా," అంది నాతో. "నువ్వు చదివితే నమ్ముతాను."

మేడం నా వెనకే నిలబడి ఉంది.

"ఒకటో తారీఖు," అన్నాను.

ఆమె పుస్తకం వంక, నా వంక చూసింది. వేళ్లు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. కన్నది ఆమె. నొప్పులు పడ్డది ఆమె.

"ఆ నొప్పుల్లో నాకేం తెలుసులే. నేనే తప్పు లెక్కేసుకున్నట్టున్నాను," అంది. తర్వాత మేడం వైపు తిరిగి చేతులు జోడించింది. "అరిచాను, తప్పయింది మేడం. క్షమించండి."

"పర్లేదులే," అంది మేడం.